కిడ్నీ నిలబడాలి, మందులు ఆగాలి: ఇమ్యూన్ టాలరెన్స్ పరిశోధన ఎక్కడిదాకా వచ్చింది?

కిడ్నీ మార్పిడిని ఆపరేషన్‌గా చూస్తే అది ఎప్పుడో గట్టెక్కిన సమస్య. మంచి కేంద్రాల్లో ఏడాది తిరిగేసరికి నూటికి తొంభైకి పైగా కిడ్నీలు పనిచేస్తూనే ఉంటాయి. ఇబ్బందంతా ఆ తర్వాతే. మరణించిన దాతల నుంచి తీసుకున్న కిడ్నీల్లో దాదాపు సగం పది, పన్నెండేళ్లు దాటేసరికి ఆగిపోతున్నాయి. ముప్పై ఏళ్ల వయసులో మార్పిడి చేయించుకున్న మనిషికి ఈ లెక్కన రెండో కిడ్నీ, ఒక్కోసారి మూడోదీ కావాలి. పైగా కిడ్నీని కాపాడటానికి రెండు పూటలా మింగే మాత్రలే దాన్ని కొద్దికొద్దిగా దెబ్బతీస్తాయి. షుగరు తెచ్చిపెడతాయి, వైరస్‌లకు దారి వదులుతాయి, క్యాన్సర్ ముప్పు పెంచుతాయి.

ఇంకా బలమైన మందు కనిపెడితే ఈ చిక్కు వీడదు. ఇంటి కుక్కకు మత్తిచ్చి పడుకోబెట్టడం వేరు, వచ్చిన చుట్టాన్ని గుర్తుపట్టేలా దాన్ని అలవాటు చేయడం వేరు. ఇప్పుడు మనం వాడుతున్న మందులు మొదటి రకం. అప్పుడు దొంగ వచ్చినా కుక్క మొరగదు. రెండోదాన్ని వైద్యులు ఇమ్యూన్ టాలరెన్స్ అంటారు: కొత్త అవయవం జోలికి మాత్రం వెళ్లకుండా, క్షయ క్రిమి మీదా హెర్పిస్ వైరస్ మీదా మామూలుగానే పోరాడే రోగనిరోధక వ్యవస్థ. ఇది మనుషుల్లో సాధ్యమేనని రుజువైంది. అయితే ఎవరికి సాధ్యమైంది, ఏ మూల్యానికి, ఎందుకు అందరికీ కావడం లేదు అన్నవి విడివిడిగా చూడాల్సిన సంగతులు.

రిజెక్షన్ ఎలా మొదలవుతుంది

శరీరం కొత్త అవయవాన్ని పరాయిదిగా గుర్తుపట్టి దాడిచేయడమే రిజెక్షన్. మన కణాల మీద గుర్తింపు ప్రొటీన్లుంటాయి. వాటిని హెచ్ఎల్ఏ అంటారు. ఆ జన్యువులు ఆరో క్రోమోజోమ్ మీద ఒకే చోట గుంపుగా ఉండి, తల్లి నుంచి ఒక సెట్టు, తండ్రి నుంచి ఒక సెట్టు వస్తాయి. అందుకే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్య రెండు సెట్లూ కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు, ఒక్క సెట్టే కలిసే అవకాశం సగం, ఏదీ కలవకపోయే అవకాశం మిగిలిన పావు. తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య కనీసం సగం కలుస్తుంది. ఈ లెక్క గుర్తుంచుకోవాలి, ముందు ముందు చాలా విషయాలు దీని మీదే ఆధారపడతాయి.

రోగనిరోధక వ్యవస్థలో దాడి నడిపే తెల్లకణాల్లో ఒక రకం టి-కణాలు. ఒక కొత్త సూక్ష్మజీవిని గుర్తుపట్టగలవి మన ఒంట్లో లక్షకు ఒకటో అరో ఉంటాయి. పరాయి హెచ్ఎల్ఏ విషయంలో అలా కాదు. నూటికి ఒకటి నుంచి పది వరకు టి-కణాలు దాని మీద తిరగబడతాయి. ఇంత పెద్ద దండు ముందే సిద్ధంగా ఉండటమే మార్పిడి వైద్యానికి అసలు అడ్డంకి.

ఆ టి-కణం కదలాలంటే మూడు సంకేతాలు అందాలి. పరాయి హెచ్ఎల్ఏ దాని గ్రాహకానికి తగలడం మొదటిది. టి-కణం మీదున్న సిడి28, ఎదుటి కణం మీదున్న సిడి80, సిడి86తో కలవడం రెండోది. ఐఎల్-2 లాంటి రసాయనాలు అంది సంఖ్య పెంచుకోవడం మూడోది. మొదటిది అంది రెండోది అందకపోతే ఆ కణం చాలాసార్లు చచ్చుబడిపోతుంది. టాలరెన్స్ పరిశోధకులు దశాబ్దాలుగా ఈ కీలకం మీదే పని చేస్తున్నారు.

గుర్తుపట్టడానికి దారులు కూడా రెండున్నాయి. దాత కిడ్నీతో పాటు వచ్చిన తెల్లకణాలు నేరుగా గ్రహీత టి-కణాలను రెచ్చగొట్టడం ఒకటి. ఆ కణాలు కొన్ని వారాల్లో, నెలల్లో అంతరించిపోతాయి కాబట్టి ఈ దాడి మొదట్లోనే తీవ్రంగా ఉంటుంది. రెండోది నెమ్మదైనది: గ్రహీత సొంత కణాలే దాత ప్రొటీన్లను ముక్కలు చేసి తమ టి-కణాలకు చూపిస్తాయి. కిడ్నీ ఉన్నన్నాళ్లూ ఇది ఆగదు. యాంటీబాడీలు తయారయ్యేదీ, ఏళ్ల తర్వాత కిడ్నీ మెల్లగా గట్టిపడిపోయేదీ ఎక్కువగా ఈ దారిలోనే. ఇప్పటి మందులు మొదటి దారిని బాగా మూస్తాయి, రెండోదాన్ని సరిగా మూయలేవు.

ఒంట్లో దాతకు వ్యతిరేకంగా యాంటీబాడీలు ముందే ఉంటే నిమిషాల్లో, గంటల్లో కిడ్నీ నల్లబడిపోతుంది. 1969లో పటేల్, టెరసాకి ప్రచురించిన లెక్క ఇప్పటికీ కళ్లు తెరిపిస్తుంది. ఆ యాంటీబాడీలున్నాయేమో చూడటానికి గ్రహీత రక్తాన్ని దాత కణాలతో కలిపి చూసే పరీక్ష క్రాస్‌మ్యాచ్. అది పాజిటివ్ వచ్చిన 30 మార్పిడుల్లో 24 వెంటనే విఫలమయ్యాయి. నెగటివ్ వచ్చిన 195లో విఫలమైనవి 8. అప్పటి నుంచి క్రాస్‌మ్యాచ్ లేకుండా కిడ్నీ పెట్టడం లేదు. ఈ యాంటీబాడీలు రక్తమార్పిడుల వల్ల, పాత మార్పిడుల వల్ల, గర్భాల వల్ల వస్తాయి. బిడ్డ ద్వారా తండ్రి హెచ్ఎల్ఏను తల్లి శరీరం చూసి ఉంటుంది. పిల్లల్ని కన్న భార్యకు భర్త కిడ్నీ ఇవ్వాలనుకున్నప్పుడు ఈ పరీక్షను మరింత జాగ్రత్తగా చేసేది అందుకే. డయాలసిస్‌లో ఉన్నవారికి హిమోగ్లోబిన్ తగ్గిందని వెంటనే రక్తం ఎక్కించకుండా, వీలైనంతవరకు ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు, ఐరన్‌తో నెట్టుకురావడం వెనకా ఇదే కారణం ఉంది.

ఇప్పుడున్న మందుల బలం, బలహీనత

1983లో అమెరికాలో అనుమతి పొందిన సైక్లోస్పోరిన్, జపాన్‌లోని త్సుకుబా మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి 1984లో బయటపడ్డ టాక్రోలిమస్ రెండూ టి-కణంలో కాల్సిన్యూరిన్ అనే ఎంజైమును ఆపుతాయి. దాంతో ఐఎల్-2 తయారీ పడిపోతుంది. ఇవాళ చాలామంది తీసుకునేది టాక్రోలిమస్, మైకోఫినొలేట్, కొద్ది మోతాదులో స్టెరాయిడ్.

టాక్రోలిమస్‌కు పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య చోటు చాలా తక్కువ. మొదటి నెలల్లో రక్తంలో మిల్లీలీటరుకు 8 నుంచి 12 నానోగ్రాములు, తర్వాత 5 నుంచి 8 వరకు ఉంచడం చాలా కేంద్రాల పద్ధతి. లెవెల్ చూడటానికి రక్తం ఇచ్చేది ఉదయం మాత్ర వేసుకోకముందే, రాత్రి మాత్రకు పన్నెండు గంటల తర్వాత. మాత్ర మింగి వెళ్తే అంకె పెద్దగా వస్తుంది, డాక్టరు డోసు తగ్గిస్తారు, రిజెక్షన్ మొదలవుతుంది. ఈ పొరపాటు ఎంత చిన్నదో నష్టం అంత పెద్దది.

కాలేయంలో, పేగుల్లో ఈ మందును విరగ్గొట్టే ఎంజైమును ఫ్లూకొనజోల్, క్లారిథ్రోమైసిన్, డిల్టియాజెమ్ అడ్డుకుని లెవెల్‌ను పెంచుతాయి. పంపర పనస, గ్రేప్‌ఫ్రూట్ కూడా అంతే. విరేచనాలైతే మందు బయటికి పోయి లెవెల్ తగ్గుతుందనుకుంటాం. నిజానికి పెరుగుతుంది, ఎందుకంటే పేగు గోడలోని ఎంజైము దెబ్బతిని ఎక్కువ మందు రక్తంలోకి వెళ్తుంది. ఫెనిటోయిన్, రిఫాంపిసిన్ మాత్రం లెవెల్‌ను ఒక్కసారిగా పడేస్తాయి. రిఫాంపిసిన్ టీబీకి ప్రధాన మందు, మన దేశంలో మార్పిడి తర్వాత టీబీ అరుదు కాదు. కాబట్టి బయటి డాక్టరు టీబీ మందులు మొదలుపెడితే అదే రోజు మార్పిడి కేంద్రానికి చెప్పాలి. వాళ్లు రిఫాబ్యూటిన్‌కు మార్చడమో, టాక్రోలిమస్ మోతాదు పెంచి లెవెల్ తరచూ చూడటమో చేస్తారు. ఇమ్యూనిటీ పెంచుతుందని తిప్పతీగ కషాయం తాగేవాళ్లున్నారు. మార్పిడి అయినవారికి అది వద్దు. అణచి ఉంచాలనుకుంటున్నదాన్నే అది తట్టిలేపవచ్చు.

రెండో సంకేతాన్ని ఆపే బెలటాసెప్ట్ 2011లో వచ్చింది. నెలకోసారి సెలైన్‌లో ఎక్కించే మందు. ఏడేళ్ల ఫలితాల్లో సైక్లోస్పోరిన్ కన్నా కిడ్నీ పనితీరు మెరుగ్గా ఉంది, మరణాలు, కిడ్నీ పోవడాలు తగ్గాయి. మొదటి ఏడాది మాత్రం రిజెక్షన్లు ఎక్కువ. ఎప్స్టీన్-బార్ వైరస్ ఎన్నడూ సోకనివారికి ఇస్తే లింఫోమా అనే క్యాన్సర్ లాంటి జబ్బు వచ్చే ముప్పుంది కాబట్టి వాళ్లకు ఇవ్వకూడదు. మందు ఎంత తెలివైనదైనా, వేసుకున్నన్నాళ్లే దాని పని. టాలరెన్స్ అంటే మందు ఆగాక కూడా నిలిచేది.

కవల దూడల నుంచి ఎలుకల దాకా

1945లో రే ఓవెన్ ఒక వింత గమనించాడు. తల్లి కడుపులో రక్తనాళాలు కలిసి పెరిగిన కవల దూడల్లో, పెద్దయ్యాక కూడా ఒకదాని రక్తకణాలు మరొకదాని ఒంట్లో కలిసి ఉంటున్నాయి. ఏ గొడవా లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో కాలిన గాయాలకు చర్మం అతికించి, అది ఊడిపోవడం చూసిన పీటర్ మెడావర్‌కు ఈ సంగతి దారి చూపింది. 1953లో బిల్లింగ్‌హామ్, బ్రెంట్‌లతో కలిసి ఆయన గర్భంలోని ఎలుక పిల్లలకు మరో జాతి ఎలుక కణాలు ఎక్కించాడు. అవి పెరిగాక ఆ రెండో జాతి చర్మాన్ని తమదిగానే స్వీకరించాయి. 1960లో మెడావర్‌కు, బర్నెట్‌తో కలిపి, నోబెల్ వచ్చింది.

ఎలుకల ప్రయోగం జరిగిన మరుసటి ఏడాదే, 1954 డిసెంబరు 23న, బోస్టన్‌లో జోసెఫ్ మర్రే ఒక కిడ్నీని ఒకరి నుంచి ఇంకొకరికి మార్చి విజయం సాధించాడు. ఇద్దరూ ఒకే అండం నుంచి పుట్టిన కవలలు. ముందుగా ఒకరి చర్మం ఇంకొకరికి అతికించి, అది నిలబడ్డాకే ఆపరేషన్ చేశారు.

ఎలుకల్లో టాలరెన్స్ తెప్పించే పద్ధతులు ఆ తర్వాత పదులకొద్దీ వచ్చాయి. మనుషుల్లో దాదాపు అన్నీ బోల్తా పడ్డాయి. అందులో పెద్ద కారణం జ్ఞాపక కణాలు. ప్రయోగశాల ఎలుక క్రిములు లేని పంజరంలో పెరుగుతుంది. మనిషి నలభై ఏళ్లకు ఎన్నో వైరస్‌లు, టీకాలు, జ్వరాలు చూసి ఉంటాడు. వైరస్ కోసం తయారైన కొన్ని జ్ఞాపక టి-కణాలు పొరపాటున పరాయి హెచ్ఎల్ఏను కూడా పట్టేస్తాయి. వాటికి రెండో సంకేతం అంతగా అక్కర్లేదు కాబట్టి ఎలుకల్లో పనిచేసిన అడ్డుకట్ట ఇక్కడ తెగిపోతుంది. ఈ విషయం ముందే పట్టించుకుని ఉంటే కొన్ని దశాబ్దాల శ్రమ సరైన దారిలో సాగేదని నా నమ్మకం.

అనుకోని అడ్డంకులు ఇంకా ఉన్నాయి. సిడి40 లిగాండ్‌ను అడ్డుకునే యాంటీబాడీ 1990లలో కోతుల్లో అద్భుతంగా పనిచేసింది. మనుషుల్లో రక్తం గడ్డకట్టి పరీక్ష ఆపాల్సి వచ్చింది. ఆ లిగాండ్ రక్తఫలకికల మీద కూడా ఉంటుంది, యాంటీబాడీ తోకభాగం వాటిని గుంపు కట్టించింది. తోక మార్చిన కొత్త రకాలు ఇప్పుడు పరీక్షల్లో ఉన్నాయి.

దాత మజ్జ, గ్రహీత ఒంట్లో

మనుషుల్లో నిజంగా ఫలితమిచ్చిన పద్ధతి ఓవెన్ దూడల దారిలోనే వచ్చింది: కిడ్నీతో పాటు అదే దాత రక్త మూలకణాలను కూడా ఎక్కించడం. అవి నిలబడితే ఒంట్లో ఇద్దరి రక్తకణాలూ కలిసి ఉంటాయి. దీన్ని కైమెరిజం అంటారు. దాత కణాలు థైమస్ గ్రంథికి చేరితే, అక్కడ కొత్తగా పుట్టే టి-కణాల్లో దాతను వ్యతిరేకించేవి మొగ్గలోనే అంతమవుతాయి.

స్టాన్‌ఫర్డ్‌లో శామ్యూల్ స్ట్రోబర్ బృందం రూపొందించిన క్రమం ఇలా సాగుతుంది. మార్పిడికి కొన్ని వారాల ముందు దాతకు జి-సిఎస్‌ఎఫ్ ఇంజెక్షన్లు ఇచ్చి, మజ్జలోని మూలకణాలను రక్తంలోకి రప్పించి, యంత్రంతో వడగట్టి గడ్డకట్టించి దాస్తారు. ఆపరేషన్ రోజు నుంచి గ్రహీతకు ఐదు డోసుల ఏటీజీ, అంటే టి-కణాలను తుడిచేసే యాంటీబాడీ. ఆ తర్వాత శోషరస గ్రంథులకు, ప్లీహానికి, థైమస్‌కు మాత్రమే పది విడతలు రేడియేషన్, ఒక్కో విడత 80 నుంచి 120 సెంటీగ్రే (రేడియేషన్ కొలత). మిగతా ఒంటిని కప్పి ఉంచుతారు. పదకొండో రోజున దాత కణాలు ఎక్కిస్తారు. స్టెరాయిడ్లు పది రోజుల్లో, మైకోఫినొలేట్ నెలకు ఆపేస్తారు. దాత కణాలు కనీసం ఆరు నెలలు నిలిచి, బయాప్సీలో, అంటే కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్షలో, రిజెక్షన్ లేకపోతే చివరి మందును మెల్లగా తగ్గించి ఆపుతారు.

దాతా గ్రహీతా పూర్తిగా హెచ్ఎల్ఏ కలిసిన తోబుట్టువులైతే ఈ పద్ధతి బాగా పనిచేస్తోంది. ఇదే దారిలో మెడియార్ సంస్థ మూడో దశ పరీక్ష చేసింది. చికిత్స పొందిన 20 మందిలో 19 మంది మందులు ఆపగలిగారు, 15 మంది రెండేళ్లకు పైగా మందుల్లేకుండా, రిజెక్షన్ లేకుండా ఉన్నారు. దాత కణాలు గ్రహీత శరీరం మీదే దాడిచేసే జీవీహెచ్‌డీ అనే ప్రమాదకర జబ్బు ఎవరికీ రాలేదు. ఈ రంగంలో ఇంత గట్టి ఫలితం నాకు మరొకటి కనబడదు.

హెచ్ఎల్ఏ సగమే కలిసినప్పుడు కథ కష్టమవుతుంది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో డేవిడ్ శాక్స్, తత్సువో కవాయి బృందం 2008లో ఐదుగురి ఫలితాలు ప్రకటించింది. నలుగురు మందులు ఆపారు, ఒకరు యాంటీబాడీ రిజెక్షన్‌తో కిడ్నీ కోల్పోయారు. ఆ తర్వాత మొత్తం పదిమందిలో ఏడుగురు ఆపగలిగినా, చాలా ఏళ్లు అలాగే కొనసాగినవారు నలుగురు. ఇక్కడ ఆశ్చర్యమేమిటంటే, దాత కణాలు రెండు మూడు వారాలకే మాయమయ్యాయి. అయినా కిడ్నీ నిలిచింది. కణాలు కొద్ది రోజులు ఉన్నా కిడ్నీయే తర్వాత టాలరెన్స్‌ను పోషిస్తోందని పరిశోధకులు భావిస్తున్నారు.

లూయీవిల్, నార్త్‌వెస్టర్న్ బృందం ఇంకా దూకుడుగా వెళ్లింది. ఫ్లూడరాబిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే క్యాన్సర్ మందులు, ఒళ్లంతా 200 సెంటీగ్రే రేడియేషన్ ఇచ్చి, గ్రహీత రక్తాన్ని దాదాపు పూర్తిగా దాత రక్తంగా మార్చారు. హెచ్ఎల్ఏ కలవనివారిలో కూడా 37 మందిలో 26 మంది మందులు ఆపారు. కానీ ఇద్దరికి జీవీహెచ్‌డీ వచ్చింది, ఒకరు చనిపోయారు. టలారిస్ సంస్థ దీన్నే మూడో దశకు తీసుకెళ్తే అక్కడా జీవీహెచ్‌డీ మరణం సంభవించింది. 2023లో ఆ పరీక్ష ఆపేశారు. మాత్రలతో ఇరవై ఏళ్లు బతకగల రోగికి, మాత్రలు మాన్పించడం కోసం ప్రాణాంతకమైన జబ్బు ముప్పు తెచ్చిపెట్టడం ఎంతవరకు న్యాయమన్నది ఈ రంగంలో అందరూ ఎదుర్కోవాల్సిన ప్రశ్న. నా మట్టుకు ఆ ఆపడం సరైనదే.

కాలేయం తీరు వేరు

కాలేయం తనంతట తానే కొంత టాలరెన్స్ తెచ్చుకునే అవయవం. తల్లిదో తండ్రిదో కాలేయ భాగం పొందిన 20 మంది పిల్లల్లో జాగ్రత్తగా మందులు తగ్గిస్తే 12 మంది నిలబడ్డారని 2012లో సాండ్రా ఫెంగ్ బృందం చూపింది. 2013లో 98 మంది పెద్దల్లో 41 మంది మందులు మానగలిగారు. మార్పిడి జరిగి ఎన్నేళ్లయితే అవకాశం అంత ఎక్కువ. కుదరనివారికి మందులు మళ్లీ మొదలుపెడితే రిజెక్షన్ తగ్గింది. కిడ్నీకి ఈ వెసులుబాటు లేదు. ఒక్క రిజెక్షన్‌తో పోయిన కిడ్నీ పనితీరు పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు.

కిడ్నీ గ్రహీతల్లోనూ మందులు మానేసి ఏళ్లతరబడి బాగున్నవారున్నారు. వాళ్ల రక్తంలో యాంటీబాడీలు తయారుచేసే బి-కణాల్లో ఒక రకం గుర్తు ఎక్కువగా ఉందని 2010లో రెండు బృందాలు ప్రకటించాయి. అదే పరీక్షగా వాడొచ్చని ఆశపడ్డారు. ఆ గుర్తులో చాలా భాగం టాలరెన్స్ వల్ల కాక, మందులు వాడకపోవడం వల్లే వస్తోందని తర్వాత తేలింది. మందు మాన్పించక ముందే ఎవరికి సురక్షితమో చెప్పే రక్తపరీక్ష ఇవాళ్టికీ లేదు. మందులు మానేసి నిలబడ్డవారి గురించే మనం వింటాం, మానేసి మళ్లీ డయాలసిస్ కుర్చీకి చేరినవారు వాళ్లకన్నా చాలా ఎక్కువ.

టి-రెగ్ కణాలతో ప్రయత్నం

శరీరంలో దాడిని ఆపే టి-కణాలు కూడా ఉన్నాయి. సిడి25 గుర్తున్న ఈ టి-రెగ్ కణాలను 1995లో షిమోన్ సకగుచి చూపించాడు. వాటిని నడిపే ఫాక్స్‌పి3 జన్యువును 2001లో మేరీ బ్రంకోవ్, ఫ్రెడ్ రామ్స్‌డెల్ పట్టుకున్నారు. 2025లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది.

వాటిని రక్తం నుంచి వేరుచేసి, కొన్ని వారాలు పెంచి తిరిగి ఎక్కించడం ఇప్పటి ప్రయత్నం. కణచికిత్సలు కిడ్నీ గ్రహీతలకు సురక్షితమేనా అని ఐరోపా, అమెరికా కేంద్రాలు కలిసి చేసిన వన్ స్టడీ ఫలితాలు 2020లో వచ్చాయి. కణాలు పొందిన 38 మందిలో 15 మందిని ఒక్క టాక్రోలిమస్ మీదకు తేగలిగారు. రిజెక్షన్లు పెరగలేదు, వైరస్ ఇన్ఫెక్షన్లు తగ్గాయి. మందు పూర్తిగా ఆగలేదు కాబట్టి దీన్ని టాలరెన్స్ అనలేం. జపాన్‌లోని హొక్కైడో బృందం 2016లో ఇంకో మెట్టు ఎక్కింది: దాత, గ్రహీత కణాలను సిడి80, సిడి86 మూసి రెండు వారాలు కలిపి పెంచి, కాలేయ గ్రహీతలు పదిమందికి ఎక్కిస్తే ఏడుగురు మందులు పూర్తిగా మానారు. రిజెక్షన్ వచ్చిన ముగ్గురికీ అసలు జబ్బే సొంత శరీరం కాలేయం మీద దాడిచేసే రకం.

ఇక్కడొక ముడి ఉంది. టి-రెగ్‌లు బతకడానికి ఐఎల్-2 కావాలి, టాక్రోలిమస్ సరిగ్గా దాన్నే ఆపుతుంది. పోనీ ఐఎల్-2ను తక్కువ మోతాదులో బయటి నుంచి ఇద్దామని లండన్ బృందం కాలేయ గ్రహీతల్లో ప్రయత్నించింది. రక్తంలో టి-రెగ్‌లు పెరిగాయి, మందు తగ్గిస్తే రిజెక్షన్ మాత్రం ఆగలేదు. సంఖ్య పెరిగితే చాలదు, దాత అవయవాన్ని గుర్తుపట్టే టి-రెగ్‌లు ఆ అవయవంలోకే చేరాలి. అందుకే ఇప్పుడు కార్ టి-రెగ్‌లు వస్తున్నాయి. దాతకు హెచ్ఎల్ఏ-ఏ2 అనే రకం ఉండి గ్రహీతకు లేనప్పుడు, ఆ ఏ2నే పట్టుకునే గ్రాహకాన్ని టి-రెగ్‌కు జన్యుపరంగా తొడుగుతారు. కిడ్నీ, కాలేయ గ్రహీతల్లో తొలి పరీక్షలు నడుస్తున్నాయి.

మన దగ్గర దీని లెక్క

భారత్‌లో కిడ్నీ మార్పిడుల్లో ఎక్కువ భాగం బతికున్న బంధువుల నుంచే. మూలకణాలు ముందే తీసి దాచుకోవాల్సిన పద్ధతులకు ఇది బాగా సరిపోయే పరిస్థితి. అహ్మదాబాద్‌లోని ఐకెడిఆర్‌సి అనే కిడ్నీ వైద్య పరిశోధన సంస్థలో హెచ్.ఎల్. త్రివేది బృందం దాత కొవ్వు నుంచి, మజ్జ నుంచి తీసిన కణాలను కాలేయానికి వెళ్లే పోర్టల్ సిర ద్వారా ఎక్కించి, మందులు బాగా తగ్గించే ప్రయత్నం చాలా ఏళ్ల క్రితమే చేసింది. అయితే టీబీ, సైటోమెగలో వైరస్ మన దగ్గర విస్తారంగా ఉండటంతో, టి-కణాలను తుడిచేసే మొదటి నెలలు అమెరికాలో కన్నా ఇక్కడ ఎక్కువ గండం. జ్ఞాపక కణాల భారం కూడా ఎక్కువే కావచ్చు. కాబట్టి అక్కడి డోసులు ఇక్కడ యథాతథంగా అతికించలేం.

ఎవరైనా ఇలాంటి చికిత్స ఉందని చెబితే కుటుంబం అడగాల్సిన ప్రశ్నలు సూటిగా ఉండాలి. ఇది క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైందా? దాతతో హెచ్ఎల్ఏ ఎంత కలిసింది? జీవీహెచ్‌డీ వస్తే చూసే మజ్జ మార్పిడి విభాగం అదే ఆస్పత్రిలో ఉందా? మందు తగ్గించేటప్పుడు బయాప్సీ ఎప్పుడెప్పుడు? దాతకు వ్యతిరేకంగా కొత్త యాంటీబాడీలు వస్తున్నాయేమో ఎన్ని నెలలకోసారి చూస్తారు? వీటికి కాగితం మీద జవాబు లేకపోతే ముందుకు వెళ్లకూడదు. ట్రయల్‌లో లేనివాళ్లు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష ఎంత బాగున్నా, సొంతంగా మాత్ర మానకూడదు. క్రియాటినిన్ పెరిగేసరికే కిడ్నీకి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో జీవన్‌దాన్ అనే ప్రభుత్వ అవయవదాన పథకం ద్వారా వచ్చే అవయవాల విషయానికొస్తే, మరణించిన దాతకు ముందుగా ఇంజెక్షన్లిచ్చి మూలకణాలు సేకరించే సమయం ఉండదు. అందుకు దాత వెన్నుపూసల్లోని మజ్జను అవయవాలతో పాటే తీసి గడ్డకట్టించి నిల్వచేసే పద్ధతి మీద అమెరికాలో పని సాగుతోంది. కిడ్నీ ముందు పెట్టి, మామూలు మందులతో నెలలు గడిచి రోగి కుదుటపడ్డాక ఆ మజ్జ ఎక్కించే క్రమాన్ని కోతుల్లో పరీక్షించారు. అది మనుషుల్లో నిలబడితేనే బంధువుల్లో దాత దొరకని రోగికి ఈ చికిత్స అందుబాటులోకి వస్తుంది.